అనువాదం – అమానతు

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) మదీనా వచ్చిన తర్వాత హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) అనే చురుకైన యువకుణ్ణి పిలిచి, యూదుల లిపి నేర్చుకోమని ఆదేశించారు. యూదులకు ఉత్తరం రాయాలన్నా, వారి నుంచి వచ్చిన ఉత్తరం చదివించుకోవాలన్నా అప్పటివరకూ వారిలోనే ఒకరి మీద ఆధారపడవలసి వచ్చేది. ఉత్తరంలో ఉన్నది ఒకటి, చదివి వినిపించేది మరొకటి అయితే తెలుసుకునే దారి లేదు. ఆ విషయంలో తమకు నమ్మకం లేదని ప్రవక్త (స) స్పష్టంగానే చెప్పారు. జైద్ (రజి) పక్షం రోజుల్లో ఆ లిపి నేర్చుకున్నారు. అప్పటి నుంచి ఆ ఉత్తరాలు తానే రాసేవారు, తానే చదివి వినిపించేవారు. ఈ సంగతి అబూదావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాలలో ఉంది.

ఆ తర్వాత హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖిలాఫత్‌లో దివ్యఖుర్‌ఆన్‌ను ఒక్కచోట గ్రంథస్థం చేసే పని కూడా ఈ జైద్ (రజి)కే దక్కింది. పరాయి భాషలోని మాటను ఉన్నదున్నట్టు చేర్చగలిగిన మనిషికే అల్లాహ్ వాక్కును చేర్చే పనీ అప్పగించారన్నమాట. ఒకరి మాటను మరొకరి చెవికి చేర్చడం మన ధర్మంలో కేవలం విద్య కాదు, అమానతు. అప్పగించినది ఎంతో, తిరిగి అప్పజెప్పవలసినదీ అంతే.

ఈ అమానతు అన్నిచోట్లా ఒకటే బరువు తూగదు. కథను అనువదించేటప్పుడు నాలుగు మాటలు జారిపోతే దాని అందం కొంత తగ్గుతుంది. కానీ డబ్బు, అప్పు, పన్ను, వారసత్వం గురించిన ఆలోచనలు ఒక దేశం నుంచి మరో దేశానికి వెళ్ళేటప్పుడు నాలుగు మాటలు జారిపోతే ఎవరి కంచంలోనో అన్నం తగ్గుతుంది. అప్పు పత్రం ఎలా రాయాలో చెప్పే వాక్యం ఖుర్‌ఆన్‌లోని వాక్యాలన్నిటిలోకీ పెద్దది (2:282). రాసేవాడు న్యాయంగా రాయాలని, చెప్పి రాయించేవాడు అందులో ఏదీ తగ్గించకూడదని అందులో ఆదేశం ఉంది. ఆర్థిక విషయాలను భాష మార్చి చెప్పేవాడికి ఇంతకంటే మంచి కొలబద్ద నాకు కనబడలేదు. ఈ కొలబద్దతో చరిత్రలోని కొన్ని అనువాదాలను కొలిచి చూద్దాం. ఇతరులు మన గ్రంథాలకు చేసినవే కాదు, మనవాళ్ళు చేసినవి కూడా.

మూడో నామూస్

క్రీ.శ. 8 నుంచి 10వ శతాబ్దం వరకూ బాగ్దాద్‌లో జరిగిన అనువాదకృషి సంగతి మన పాఠకులకు తెలిసిందే. ఆ అనువాదకుల్లో పెద్దపేరు హునైన్ బిన్ ఇస్‌హాఖ్‌ది (మరణం 873). ఆయన ముస్లిం కాదు, క్రైస్తవుడు. ఒక గ్రంథానికి గ్రీకు ప్రతులు ఎన్ని దొరికితే అన్ని సంపాదించి, ఒకదానితో మరొకటి సరిచూసి, పాఠం తేల్చుకున్నాకే కలం పట్టేవాడు. తన పద్ధతిని తానే ఒక లేఖలో రాసిపెట్టాడు. ఖలీఫాలు ఆయనలో చూసింది ఈ నిజాయితీని. అదే కాలంలో అల్ కిందీ అనే తత్వవేత్త, సత్యం ఎంత దూరపు జాతి నుంచి వచ్చినా స్వీకరించడానికి సిగ్గుపడకూడదని రాశాడు. “వివేకం విశ్వాసి పోగొట్టుకున్న సొత్తు” అనే ప్రసిద్ధమైన మాట ఉంది కదా, దాని సనదు బలహీనమని హదీసువేత్తలు అన్నారు. అయినా దాని భావం ఆ కాలపు ముస్లిముల నడవడిలో బలంగానే కనబడుతుంది.

గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ రాసిన నీతిశాస్త్ర గ్రంథం ఆ రోజుల్లోనే అరబీలోకి వచ్చింది. హునైన్ కుమారుడు ఇస్‌హాఖ్ దాన్ని అనువదించాడని 10వ శతాబ్దంలో ఇబ్నె నదీమ్ తన గ్రంథసూచిలో పేర్కొన్నాడు. అందులో డబ్బు గురించి ఒక చర్చ ఉంది. చెప్పులు కుట్టేవాడికి ఇల్లు కావాలి, ఇల్లు కట్టేవాడికి చెప్పులు కావాలి. ఒక ఇంటికి ఎన్ని జతల చెప్పులు సమానం? పోలికే లేని రెండు వస్తువులను ఒకే కొలతకు తేవాలంటే మధ్యలో ఒకటి ఉండాలి. అదే డబ్బు. అది ప్రకృతిలో పుట్టినది కాదు, మనుషులు కట్టుబాటుతో ఏర్పరచుకున్నది. గ్రీకులో కట్టుబాటుకు, చట్టానికి ‘నోమోస్’ అని పేరు. నాణేన్ని సూచించే ‘నోమిస్మా’ అన్న మాట కూడా దాని నుంచే పుట్టిందని అరిస్టాటిల్ వివరించాడు.

ఈ ‘నోమోస్’ అరబీలోకి ‘నామూస్’గా వచ్చింది. నామూస్ అనగానే మనకు తొలి వహీ ఘట్టం గుర్తుకొస్తుంది. హిరా గుహలో జరిగినది విన్న వరఖా బిన్ నౌఫల్, ఇది మూసా (అలై) వద్దకు వచ్చిన నామూసేనని అన్నట్లు బుఖారీ హదీసులో ఉంది. అక్కడ నామూస్ అంటే దైవరహస్యాన్ని మోసుకొచ్చే జిబ్రీల్ (అలై) అని వ్యాఖ్యాతలు చెప్పారు. ఉర్దూలో అదే మాటకు గౌరవం, మర్యాద అనే అర్థం స్థిరపడింది. తత్వగ్రంథాల్లోని నామూస్‌కు మాత్రం చట్టం, శాసనం అని అర్థం చెప్పుకోవాలి.

మిస్కవైహ్ (మరణం 1030) తన నీతిగ్రంథంలో ఈ మాటనే పట్టుకుని ఒక వరుస పేర్చాడు. అన్నిటికంటే గొప్ప నామూస్ అల్లాహ్ నుంచి వచ్చినది, అంటే షరీఅత్. దాన్ని అనుసరించి తీర్పు చెప్పే పాలకుడు రెండో నామూస్. దీనారు మూడోది. అంటే డబ్బు కూడా ఒక న్యాయమూర్తే, కాకపోతే నోరులేని న్యాయమూర్తి. పై రెండింటికీ లోబడి ఉన్నంతవరకే దాని తీర్పు చెల్లుతుంది. 13వ శతాబ్దంలో నసీరుద్దీన్ తూసీ ఈ భావాన్ని ‘అఖ్లాఖె నాసిరీ’లో ఫార్సీలో చెప్పాడు. ఆ పుస్తకం హిందూస్తాన్‌కు వచ్చింది. అక్బర్ చక్రవర్తి దాన్ని చదివించుకుని వినేవాడు. మన మద్రసాల్లోనూ చాలాకాలం చదివారు. ఏథెన్సులో పుట్టిన ఒక ఆలోచన బాగ్దాద్ మీదుగా, ఇరాన్ మీదుగా ఢిల్లీ, ఆగ్రాలకు చేరిన దారి ఇది.

ఇక్కడ మనవాళ్ళను కూడా ఒక మాట అనక తప్పదు. మిస్కవైహ్ ఈ వరుసను అరిస్టాటిల్ పేరు మీదే చెప్పాడు. మూల గ్రీకు గ్రంథంలో ఇది ఇలా లేదు. భావం గొప్పదే, డబ్బును దాని స్థానంలో కూర్చోబెట్టిన భావం. అయినా మన మాటను మన పేరుతో చెప్పడం వేరు, ఇంకొకరి నోట పెట్టడం వేరు. ముస్లిం రచయిత చేసినంత మాత్రాన కొలబద్ద మారదు.

ఇమామ్ గజాలీ (రహ్మ) ఈ విషయంలో మరింత లోతుకు వెళ్ళారు. ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో కృతజ్ఞతను గురించి రాస్తూ దిర్హము, దీనారులను అద్దంతో పోల్చారు. అద్దానికి తనదంటూ రంగు లేదు కనుకనే అన్ని రంగులనూ చూపగలదు. డబ్బుకు తనదంటూ ప్రయోజనం లేదు కనుకనే అన్ని వస్తువుల విలువనూ చెప్పగలదు. దాన్ని పోగుచేసి దాచినవాడు న్యాయమూర్తిని జైల్లో పెట్టినవాడితో సమానం. వడ్డీకి తిప్పినవాడు, వేరే వస్తువుల కోసం సృష్టించబడిన దాన్ని దానికోసమే కోరుకుని అల్లాహ్ అనుగ్రహాన్ని దుర్వినియోగం చేసినవాడు.

“వడ్డీ నిషేధం కూడా మీరు గ్రీకుల నుంచి తీసుకున్నదే కదా” అని కొందరు అంటూంటారు. వడ్డీ ప్రకృతి విరుద్ధమని అరిస్టాటిల్ వాదించింది నీతిశాస్త్రంలో కాదు, రాజనీతి గ్రంథంలో. ఆ గ్రంథం అరబీ పండితులకు చేరనే లేదు. 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని ఇబ్నె రుష్ద్ కూడా అది తనకు దొరకలేదనే చెప్పి, దాని బదులు ప్లేటో గ్రంథానికి వ్యాఖ్య రాశాడు. సూరహ్ బఖరలోని నిషేధం అవతరించేనాటికైతే బాగ్దాద్ నగరమే లేదు.

ఐరోపాకు అరిస్టాటిల్ రెండు దారుల్లో వెళ్ళాడు. నీతిశాస్త్రానికి ఇబ్నె రుష్ద్ రాసిన వ్యాఖ్యను 1240లో టొలెడో నగరంలో హెర్మన్ అనే జర్మన్ పండితుడు అరబీ నుంచి లాటిన్‌లోకి మార్చాడు. కొద్దికాలానికే నీతిశాస్త్రం, 1260 ప్రాంతంలో రాజనీతి గ్రంథం నేరుగా గ్రీకు నుంచి లాటిన్‌లోకి వచ్చాయి. వీటన్నిటినీ చదివిన క్రైస్తవ పండితుడు థామస్ అక్వినాస్ వడ్డీ అన్యాయమని వాదించాడు. ఇబ్నె రుష్ద్‌ను ఆయన పేరుతో కాక ‘వ్యాఖ్యాత’ అని పిలిచేవాడు. అక్వినాస్, తూసీ ఇద్దరూ 1274లోనే మరణించారు. డబ్బు గురించిన ఒకే గ్రీకు ఆలోచనను ఒకరు ఇటలీలో, ఇంకొకరు ఇరాన్‌లో తమ ధర్మగ్రంథాల వెలుగులో చదువుకున్నారు. అయినా 1954లో అచ్చయిన ప్రసిద్ధ ఆర్థికశాస్త్ర చరిత్రలో షుంపీటర్ అనే పండితుడు, గ్రీకుల తర్వాత 500 ఏళ్ళకు పైగా కాలాన్ని దాటేసి నేరుగా అక్వినాస్ వద్దకు వెళ్ళిపోవచ్చునన్నాడు. వంతెన మీద నడిచివెళ్ళి, అక్కడ వంతెనే లేదన్నట్టుంది.

సగం పుస్తకం

ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ ఖలీఫా మామూన్ కాలంవాడు. భారతీయుల అంకెల విధానం మీద ఆయన రాసిన పుస్తకం ద్వారా ఆ అంకెలు పడమటికి ప్రయాణించాయి. సంస్కృతంలోని ‘శూన్యం’ అర్థాన్ని పట్టుకుని అరబ్బులు ‘సిఫ్ర్’ అన్నారు, ఖాళీ అని. 1202లో లెక్కల పుస్తకం రాసిన పీసా నగరపు లియొనార్డో దాన్ని ‘జెఫిరమ్’ అన్నాడు. అదే అరిగి అరిగి ‘జీరో’ అయింది. అతడు ఈ అంకెలు నేర్చుకున్నది ఆఫ్రికా తీరంలో, నేటి అల్జీరియాలోని బిజాయా రేవులో. తండ్రి అక్కడ పీసా వర్తకుల తరఫున సుంకాల కార్యాలయంలో పనిచేసేవాడు. మన ‘సున్నా’ ఇంత తిరిగింది! ఇక్కడ ఎవరికీ నష్టం లేదు. సున్నా ఏ దేశంలోనైనా సున్నాయే.

ఖ్వారిజ్మీ రాసిన మరో పుస్తకం సంగతి అలా కాదు. ‘అల్ జబ్ర్ వల్ ముఖాబలా’ పేరుతో బీజగణితానికి పేరు పెట్టిన పుస్తకం అదే. దాన్ని ఎందుకు రాశాడో ముందుమాటలోనే చెప్పుకున్నాడు. వారసత్వం, వీలునామాలు, ఆస్తి పంపకాలు, వ్యాజ్యాలు, వర్తకం, భూమి కొలతలు, కాలువల తవ్వకం వంటి పనుల్లో జనానికి అక్కరకు రావాలని రాశాడు. పుస్తకంలో దాదాపు సగం వారసత్వపు లెక్కలే. చనిపోయిన మనిషి ఆస్తిలో భార్యకు ఎంత, తల్లికి ఎంత, కూతురికి ఎంత, వీలునామా ఉంటే అది పోగా ఎంత – సూరహ్ నిసా ఆదేశాలను అమలుపరచాలంటే భిన్నాల లెక్క తప్పదు. ఆ లెక్క తప్పితే హక్కు తప్పుతుంది. బీజగణితాన్ని పెంచింది పండితుల కుతూహలం ఒక్కటే కాదు, అనాథకు అందవలసిన వాటా కూడా.

12వ శతాబ్దంలో ఈ పుస్తకం లాటిన్‌లోకి వెళ్ళింది. 1145లో సెగోవియాలో రాబర్ట్, ఆ తర్వాత టొలెడోలో జెరార్డ్ దాన్ని అనువదించారు. ఇద్దరూ సమీకరణాల భాగాన్ని తీసుకున్నారు. వారసత్వపు భాగాన్ని వదిలేశారు. వాళ్ళ దేశాల్లో ఆ చట్టం లేదు కనుక అది అనవసరమని తోచి ఉంటుంది. వాళ్ళను దొంగలని అనను. తమకు పనికొచ్చేది ఎంచుకునే హక్కు పాఠకుడికి ఉన్నట్టే అనువాదకుడికీ కొంత ఉంది. కానీ ఫలితం చూడండి. ఐరోపాలో తరతరాల విద్యార్థులు ఆ విద్యను అది దేనికోసం పుట్టిందో తెలియకుండానే నేర్చుకున్నారు. ఆ భాగం కూడా చేర్చిన ఇంగ్లీషు అనువాదం లండన్‌లో అచ్చయింది 1831లో. మొదటి సగం దాటిన సముద్రాన్ని రెండో సగం దాటడానికి దాదాపు 700 ఏళ్ళు పట్టింది!

ఇమామ్ గజాలీకి జరిగింది ఇంకా విచిత్రం. తత్వవేత్తల వాదాలను ఖండించే ముందు, వాటిని ఉన్నవున్నట్టు వివరిస్తూ ఆయన ‘మఖాసిదుల్ ఫలాసిఫా’ రాశారు. ఇవి నా అభిప్రాయాలు కావు, తర్వాత వీటిని పరీక్షిస్తానని ముందుమాటలో చెప్పారు. టొలెడోలో దాన్ని లాటిన్‌లోకి మార్చాక, అక్కడ తిరిగిన ప్రతుల్లో ఎక్కువ వాటికి ఆ ముందుమాట లేదు. దాంతో ఎవరిని ఖండించడానికి ఆయన కలం పట్టారో, వారి శిష్యుడిగానే ఐరోపా ఆయన్ను చాలాకాలం లెక్కపెట్టింది. ఒక్క పేజీ జారిపోతే మనిషి ఎదుటి పక్షంలో తేలాడు.

ఈ జాడ్యం పాతకాలంతో పోలేదు. ఇబ్నె ఖల్దూన్ 1377లో రాసిన ‘ముఖద్దిమా’కు 19వ శతాబ్దంలో ఫ్రెంచి అనువాదం, 1958లో పూర్తి ఇంగ్లీషు అనువాదం వచ్చాయి. రాజ్యం మొదలైనప్పుడు పన్నుల రేట్లు తక్కువ, రాబడి ఎక్కువ. రాజ్యం ముదిరేసరికి రేట్లు ఎక్కువ, రాబడి తక్కువ అని అందులో ఒక పరిశీలన ఉంది. 1981 అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు రీగన్ విలేకరుల సమావేశంలో ఈ మాటను ఉదహరించి, తన పన్నుల తగ్గింపును సమర్థించుకున్నాడు. ఇబ్నె ఖల్దూన్ పేరు శ్వేతసౌధం దాకా వెళ్ళిందని మన పత్రికలు కూడా ఆ తర్వాత మురిసిపోయాయి. కానీ ఆయన ఆ మాట చెప్పిన సందర్భం ఏమిటి? ధర్మం మీద నిలిచిన రాజ్యం జకాత్, ఖిరాజ్ వంటి షరీఅత్ విధించిన పరిమిత పన్నులతోనే సరిపెట్టుకుంటుంది. పాలకులు భోగాలకు అలవాటుపడ్డాక ఆ ఖర్చుల కోసం కొత్త కొత్త సుంకాలు వేస్తారు, అప్పుడు జనానికి పనిచేయాలన్న ఆశ చచ్చిపోతుంది. ఇదీ ఆయన చెప్పినది. పాలకుల భోగం గురించిన భాగాన్ని పక్కన పెట్టి, పన్ను రేటు ముక్క ఒక్కటే విలేకరులకు అందించారు. అనువాదం సరిగానే ఉంది, తీసుకున్నవాడే సగం తీసుకున్నాడు.

ఒక మాట రెండుగా చీలింది

ఇక అసలు విషయానికి వద్దాం. అప్పు మీద అదనంగా ఎంత తీసుకున్నా దానికి లాటిన్‌లో ‘ఉసూరా’ అనే పేరు ఉండేది. చర్చి దాన్ని నిషేధించింది. అయితే అప్పు గడువు దాటడం వల్ల ఇచ్చినవాడికి నిజంగా నష్టం జరిగితే ఆ నష్టానికి పరిహారం అడగవచ్చని న్యాయశాస్త్రజ్ఞులు చెప్పారు. ఈ పరిహారానికి ‘ఇంటరెస్సే’ అని పేరు. రెండూ వేర్వేరు. కానీ సందు దొరికితే డబ్బు అందులో దూరుతుంది. చివరికి నిషిద్ధమైనదే పరిహారం పేరుతో చెలామణి అయింది. 1545లో ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ నూటికి ఏడాదికి 10 వరకూ చట్టసమ్మతం అన్నాడు. మధ్యలో ఆ చట్టం రద్దయినా 1571లో మళ్ళీ వచ్చింది. క్రమంగా ఇంగ్లీషులో మాట రెండుగా చీలిపోయింది. చట్టం ఒప్పుకున్నంత మేరకు ‘ఇంట్రెస్ట్’, పెద్దమనిషి మాట. అది దాటితే ‘యూజురీ’, చెడ్డమాట. 1787లో బెంథామ్ అనే రచయిత ఆ హద్దు కూడా అక్కర్లేదని ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. 1854లో ఇంగ్లండు ఆ హద్దులను తీసేసింది. మరుసటి ఏడాదే, 1855లో, అదే ఆలోచన చట్టంగా మన దేశానికి దిగుమతి అయింది. ఇరవై ఏళ్ళకు 1875లో పూనా, అహ్మద్‌నగర్ జిల్లాల రైతులు వడ్డీ వ్యాపారుల మీద తిరగబడి అప్పు పత్రాలు తగలబెట్టారు. ఒక దేశంలో ఒక మాటకు పట్టిన చీలిక ఇంకో దేశంలో రైతు ఇంటిదాకా వచ్చింది.

మనవాళ్ళు ఖుర్‌ఆన్‌ను ఇంగ్లీషులోకి అనువదించేనాటికి ఆ భాషలో పరిస్థితి ఇది. పిక్తాల్ హైదరాబాదులో నిజాం కొలువులో ఉండగా, ఆయన ఇచ్చిన సెలవుతో అనువాదం పూర్తిచేసి 1930లో ప్రచురించారు. అబ్దుల్లాహ్ యూసుఫ్ అలీ అనువాదం 1934 – 37 మధ్య లాహోరులో వెలువడింది. ‘రిబా’ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ‘యూజురీ’ అనే మాటనే వాడారు. అది పాత అర్థంలో సరైన మాటే. కానీ చదివే మనిషి చెవికి కొత్త అర్థమే వినబడుతుంది: “ఓహో, అధిక వడ్డీ నిషిద్ధం కాబోలు, బ్యాంకువాళ్ళది కాదు.” యూసుఫ్ అలీ ఈ అర్థానికి తలుపు తీసి ఉంచారు కూడా. ఆధునిక బ్యాంకుల రుణవ్యవస్థ తన నిర్వచనం కిందికి రాదని పాదసూచికలో రాశారు. ఆ మహనీయుడి సేవ తక్కువది కాదు. కానీ ఆ పాదసూచిక అనువాదం కాదు, అభిప్రాయం. ఖుర్‌ఆన్ వాక్యం అసలు మాత్రమే మీదని, మీరు అన్యాయం చేయవద్దు, మీకు అన్యాయం జరగదు అనే భావం చెబుతోంది (2:279). అసలు మీద ఎంతవరకు ఫరవాలేదో అక్కడ లెక్క లేదు.

ఉర్దూలో రిబాకు ‘సూద్’ అంటున్నాం. ఫార్సీలో సూద్ అంటే లాభం, మేలు. ‘సూద్ ఒ జియాన్’ అంటే లాభనష్టాలు. అల్లాహ్ యుద్ధం ప్రకటించిన ఒక పాపానికి మన నోట ‘మేలు’ అనే పేరు స్థిరపడింది! వ్యాపారం కూడా వడ్డీ లాంటిదే కదా అన్నవారి మాటను ఖుర్‌ఆన్ ఖండించింది (2:275). లాభానికీ వడ్డీకీ ఉన్న గోడను కూల్చే వాదం అది. ‘సూద్’ అనే పేరులో ఆ వాదం నక్కి కూర్చుంది. 1917లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం దారుత్తర్జుమా ఏర్పడి, పాశ్చాత్య శాస్త్రాల పాఠ్యగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. ఆర్థికశాస్త్రం కూడా అందులో ఉంది. ఒక దేశభాషలో ఉన్నత విద్య నేర్పిన గొప్ప ప్రయత్నం అది. కూలీకి వేతనం, భూమికి కౌలు, పెట్టుబడికి సూద్ అని ఆర్థికశాస్త్రం వరుసలో నిలబెట్టి చెబుతుంది. ఉదయం తఫ్సీరులో హరామ్ అని చదివిన మాటనే మధ్యాహ్నం తరగతిలో న్యాయమైన ప్రతిఫలంగా చదివే విద్యార్థికి ప్రశ్న పుట్టకుండా ఉంటుందా? పుట్టింది. ఉస్మానియాలోనే ఆర్థికశాస్త్రం బోధించిన అన్వర్ ఇఖ్బాల్ ఖురేషీ 1940లలో వడ్డీ సిద్ధాంతాన్ని ఇస్లాం దృష్టితో విమర్శిస్తూ ఒక గ్రంథమే రాశారు. హైదరాబాదువాసి డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా అక్కడి వడ్డీలేని రుణ సంఘాల గురించి రాశారు. అనువాదం తెచ్చిన చిక్కును అనువాదం చదివినవాళ్ళే విప్పబూనారు.

తెలుగు అదృష్టం చూడండి. రిబా అంటే అరబీలో పెరుగుదల. మన ‘వడ్డి’ సంస్కృతంలోని ‘వృద్ధి’ నుంచి ప్రాకృతం మీదుగా వచ్చింది, అదీ పెరుగుదలే. గ్రీకులోనైతే వడ్డీని డబ్బుకు పుట్టిన ‘సంతానం’ అనేవారు. రిబాకు ఇంత దగ్గరి మాట ఇంగ్లీషుకు లేదు, ఉర్దూకు లేదు, మనకుంది. అది ఎక్కువా తక్కువా అని చూడదు, మంచీ చెడూ అని చీలదు. తెలుగు ఖుర్‌ఆన్ అనువాదాలు ఆ మాటను వాడి అమానతు నిలుపుకున్నాయి.

మాట చీలకపోతే మనమే చీలుస్తున్నాం. ఊళ్ళో ‘ధర్మవడ్డీ’ అంటారు, తక్కువ రేటుకు ఇస్తే. ధర్మానికీ వడ్డీకీ ఏ ఖాజీ నికాహ్ చదివాడో మరి! పదివేలకు నోటు రాయించుకుని తొమ్మిదివేలు చేతిలో పెట్టి, ఆ వెయ్యికి ‘ఖర్చులు’ అని పేరు పెట్టే ముస్లిం సోదరులు లేరా? బంగారం కుదువపెట్టుకుని తీసుకునే అదనానికి ‘సర్వీస్ చార్జి’ అనేవారు లేరా? నిజమైన ఖర్చుకు లెక్క చూపించి అంతే తీసుకుంటే అది వేరు. నెలలు గడిచేకొద్దీ, అప్పు మొత్తాన్ని బట్టీ పెరిగే ‘చార్జి’ ఏ ఖర్చుకు లెక్క? నా సమాజంలో కొందరు మద్యానికి వేరే పేరు పెట్టుకుని తాగుతారన్న భావంతో ప్రవక్త (స) చెప్పిన మాట అబూదావూద్‌లో ఉంది. ఎనిమిదో హెన్రీ ఒక చట్టంతో చేసిన పనిని మనం ఒక రబ్బరు స్టాంపుతో చేస్తున్నాం. మాటలను వాటి స్థానాల నుంచి తప్పించేవారని పూర్వ గ్రంథ ప్రజల్లో కొందరిని ఖుర్‌ఆన్ తప్పుపట్టింది (4:46). ఆ వాక్యం చదివేటప్పుడు అది పక్కింటివాళ్ళ గురించే అన్నట్టు చదువుతాం.

ఖ్వారిజ్మీ పుస్తకంలో లాటిన్ అనువాదకులు వదిలేసిన సగం సంగతి కూడా అంతే. వాళ్ళు ఆ అధ్యాయాలను ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల క్రితం వదిలేశారు. చదివి కూడా వదిలేసిన ఇళ్ళు మనవి. తండ్రి పోయిన నలభయ్యో రోజు ఫాతిహాకు పిలిచే అన్నదమ్ములు, ఆస్తి కాగితాలు రాసుకునే రోజున మాత్రం అక్కచెల్లెళ్ళను పిలవరు. అడిగితే, “వాళ్ళ వాటా మాఫ్ చేశారు, పెళ్ళికి పెట్టిన ఖర్చులో పోయింది” అంటారు. ఎంత వాటానో ముందు చెప్పి, చేతికిచ్చి, ఆ తర్వాత వాళ్ళు మనస్ఫూర్తిగా తిరిగి ఇస్తే అది మాఫీ. లెక్కే చెప్పకుండా వేలిముద్ర వేయించుకున్నదానికి ఏ భాషలోనైనా వేరే పేరు ఉంటుంది.

ఆ వదిలేసిన సగంలో ఒక లెక్క ఇలా ఉంది. ఒక స్త్రీ మరణించింది. భర్త, ఒక కొడుకు, ముగ్గురు కూతుళ్ళు ఉన్నారు. తన ఆస్తిలో ఎనిమిదో వంతు, ఏడో వంతు కలిపి ఒక బయటి వ్యక్తికి ఇమ్మని వీలునామా చేసింది. మొత్తం మూడోవంతు దాటలేదు కనుక వీలునామా చెల్లుతుంది. అది పోగా మిగిలినదానిలో భర్తకు నాలుగోవంతు, శేషం పిల్లలకు. భిన్నాలు లేకుండా రావాలంటే ఆస్తిని 1120 భాగాలు చేయాలి. బయటి వ్యక్తికి 300, భర్తకు 205, కొడుకుకు 246, ఒక్కొక్క కూతురికి 123. ఖ్వారిజ్మీ అంతటితో లెక్క ముగించాడు. ముగ్గురు కూతుళ్ళలో ఎవరైనా మాఫ్ చేశారేమో అని అడగలేదు.